జేబులో ఎవరూ వేట చెయ్యరు

ఊరి మద్దతు అనే మాట ఏవిస్ స్ప్రౌల్ ముందు ఎత్తకూడదు. ఎత్తితే చేతిలో ఉన్నది ఆల్చిప్పలు విప్పే కత్తే కానివ్వండి, కాఫీ కప్పే కానివ్వండి, బల్లమీద ఠక్కున పెట్టేసి, "మద్దతా? ఏ కొట్లో దొరుకుతుందో చెప్పు, రెండు డజన్లు తెచ్చుకుంటాను" అంటుంది. ఆ ఏడాది ఆవిడ పడ్డ పాట్లు తెలిసినవాళ్ళు ఆ మాటకు ఎదురుగా నవ్వరు. నవ్వితే మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతారు.

ఏవిస్ పుట్టింది అఖాతానికి అవతలి ఒడ్డున. కూంబ్స్ హార్బర్ జెట్టీ మీద నిలబడితే వాళ్ళమ్మ ఇంటి దీపం కనబడేది. అంత దూరం, అంతే. అయినా ఈ ఊరి కోడలై వచ్చి పాతికేళ్ళు దాటినా ఆవిడ "అవతలి మనిషే". ఊళ్ళో పిల్లలందరికీ బడి వంటింట్లో మాకరోనీ వండి, వద్దన్నా రెండో గరిటె వడ్డించి పెంచింది. వాళ్ళు మీసాలొచ్చి, పడవలు కొనుక్కుని, లాబ్‌స్టర్ అనే పెద్ద సముద్రపు రొయ్యలకు బోన్లు వేసుకుంటూ, ఇప్పుడు ఆవిడ మొహం మీదే "అవతలివాళ్ళకు మన నీళ్ళ సంగతేం తెలుస్తుంది" అంటున్నారు. పెట్టిన తిండి ఎక్కడికి పోయిందో ఆవిడకు అర్థం కాదు.

పిల్లలు తగ్గిపోయి బడి మూతపడ్డాక ఆవిడ ఇంటి వెనక రేవులో ఆల్చిప్పలు వేసింది. చిన్న అనుమతి, కాసిని వల సంచులు. చలికాలంలో ఖాళీ తాళ్ళకు సముద్రపు నాచు పెంచేది. ఎవరూ పట్టించుకోలేదు. పెరట్లో ఆడమనిషి వంకాయలు వేసుకున్నంతగా చూశారు. అయితే ఆల్చిప్పలు పెరుగుతాయి కదా. సంచుల్లో ఒకదానిమీద ఒకటి ఎక్కి, చోటు చాలక వంకరటింకరగా తయారయ్యాయి. సముద్రంలో ఇంకో పెద్ద చోటు లీజుకు వస్తే అది బతుకుతెరువు అవుతుంది. రాకపోతే ఉన్నవి తెగనమ్మి, పడవ కూడా అమ్మి, గంటన్నర దూరంలో పెద్ద బజారులో అరలు సర్దే పనికి పోవాలి. అప్పటికే ఆవిడ చెల్లెలు ఆ పనిలో ఉంది. సాయంత్రానికి ఆమె కాళ్ళు ఎలా వాస్తాయో ఏవిస్ చూసింది.

అందుకే ఊళ్ళో జేబు అని పిలిచే చోటు మీద కన్ను వేసింది. హార్బరుకు ఉత్తరాన నేల లోపలికి మడత పడ్డట్టుండే చిన్న మూల అది. గాలి తగలదు, కెరటం రాదు, అడుగంతా బురద. బురదలో లాబ్‌స్టర్ ఉండదు. అక్కడ బోన్లు వేసేది హాల్సీ ఈటన్ ఒక్కడే. ఆయనకు ఎనభై ఏడేళ్ళు. పెద్ద పడవ ఎప్పుడో అమ్మేసి, తెడ్ల పడవలో పొద్దున్నే పోయి నాలుగైదు బోన్లు లాగుకుంటాడు, దొరికినవి ఇంటికి తెచ్చుకుంటాడు, మిగిలితే ఇరుగుపొరుగుకు పంచుతాడు. ఏవిస్ ఆయన్ని అడగకుండా ఏమీ చెయ్యలేదు.

"కట్టుకో అమ్మాయ్," అన్నాడాయన. "నాకెంత చోటు కావాలి? తెడ్డు ఆడితే చాలు."

ఆయన పడవకు దారి వదిలి మరీ పటం మీద గీత గీసింది. తర్వాత జెట్టీ మీద ఒక్కొక్కరినీ ఆపి అడిగింది, జేబులో మీరెవరైనా వేట చేస్తారా అని. ప్రతివాడూ ఒకటే మాట: "జేబులో ఎవరూ వేట చెయ్యరు."

ఇంకేముంది, ఊళ్ళోవాళ్ళ అభ్యంతరాలు సభలో విన్నాకే లీజిచ్చే మత్స్యశాఖకు దరఖాస్తు పెట్టింది. పెట్టిన మర్నాటినుంచి ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట లేచినవాడు మెర్ల్ ఫికెట్. హార్బరులో అందరికంటే పెద్ద పడవ అతనిది. అతను తల ఊపితే మిగతావాళ్ళు ఊపుతారు. "జేబులో నువ్వు ఆల్చిప్పల సంచులు దొర్లిస్తుంటే ఆ గలగలకు మా ఆవిడకు నిద్ర పట్టదు" అన్నాడు. వాళ్ళ ఇల్లు కొండకు అవతల ఉంది. వాళ్ళావిడకు ఒక చెవి వినబడదు. ఆ మాట అంటే, "రెండోది వినబడుతుందిగా" అన్నాడు.

వెండెల్ గాట్ అనేవాడికి మరో బెంగ. ఆల్చిప్పలు నీళ్ళు తాగుతాయి కనక హార్బరులో లోతు తగ్గిపోతుందట. వెండెల్‌కు ఏవిస్ స్వయంగా మూడేళ్ళు మధ్యాహ్నం భోజనం పెట్టింది. లెక్కల పాఠం ఎవరు చెప్పారో గాని వాళ్ళనే అనాలి అనుకుంది.

ఇంకొకడు బాతులన్నాడు. జేబులో బాతులు నిద్రపోతాయట. వాటి మనసు కష్టపడుతుందట. ప్రతి చలికాలం తుపాకీ పట్టుకుని ఆ బాతుల వెంటే పడేవాడు అన్న మాట ఇది.

విశ్వవిద్యాలయం నుంచి అప్పుడప్పుడు వచ్చే సలహాదారు పిల్ల ఫోనులో చల్లగా చెప్పింది: "ఊరిని కలుపుకుపోవాలండీ. కాఫీకి పిలవండి. రుచి చూపించండి. వాళ్ళ ఆందోళనలు ఓపిగ్గా వినండి."

ఏవిస్ కాఫీకి పిలిచింది. బ్లూబెర్రీ కేకు చేసింది. వచ్చారు, కేకంతా తిన్నారు, వాతావరణం గురించి మాట్లాడుకున్నారు, చేతులు దులుపుకుని పోయారు. శనివారం చర్చి హాల్లో బీన్స్ భోజనాలప్పుడు పెద్ద పళ్ళెంలో ఐసు పరిచి, తన ఆల్చిప్పలు విప్పి, నిమ్మకాయలు కోసి పెట్టింది. జనం బీన్స్ వడ్డించుకున్నారు, గోధుమ రొట్టె తీసుకున్నారు, క్యాబేజీ సలాడ్ వేసుకున్నారు. ఆల్చిప్పల పళ్ళెం దగ్గరికి వచ్చేసరికి శవపేటిక పక్కనుంచి పోయినట్టు తల కాస్త వంచి దాటిపోయారు.

"పచ్చివే తినాలా?" అని మెర్ల్ అడిగాడు.

"పచ్చివే."

"మా ఇంట్లో పచ్చివి ఎరకు వాడతాం" అని పక్కకు తప్పుకున్నాడు.

ఆ పళ్ళెం మొత్తం ఏవిస్ మొగుడు డేల్, ఏవిస్ కలిసి ట్రక్కులో కూర్చుని తిన్నారు. డేల్ ఈ ఊరివాడే. "వీళ్ళకు అసలు ఏం కావాలో నీకైనా తెలుసా?" అని అడిగింది. ఆయన నిమ్మకాయ పిండుకుంటూ, "తెలిస్తే చెప్పనా" అన్నాడు. ఆ తర్వాత అంత పొడుగు మనిషీ ఎందుకో కిటికీలోంచి బయటికే చూస్తూ ఉండిపోయాడు. ఆయన తడవకు వారం రోజులు కలప మోసే లారీలో దేశం మీద తిరిగే మనిషి, ఊళ్ళో సంగతులు అడిగితే ఎప్పుడూ ఇంతేలే అని ఊరుకుంది.

ప్రతి సాకుకూ జవాబు చెప్పింది. సంచులు పగలే దొర్లిస్తానంది. నీళ్ళు తాగితే మళ్ళీ వదిలేస్తాయని వెండెల్‌కు గిన్నెతో చూపించింది. బాతుల కోసం ఓ పక్క వదిలేస్తానంది. ఒక సాకు చచ్చేలోగా ఇంకో సాకు పుట్టేది. గోడతో మాట్లాడినా గోడ కనీసం ఎదురు చెప్పదు కదా అని ఏడుపొచ్చేది ఆవిడకు.

ఆకులు ఎర్రబడే రోజుల్లో ఒక తెల్లవారుజామున ఏవిస్ జేబులో బురద లోతు చూసుకోవడానికి వెళ్ళింది. పొగమంచు దట్టంగా ఉంది. ఇంజను కట్టేసి, కర్ర అడుక్కి గుచ్చి చూసుకుంటుంటే ఓ పడవ దగ్గుతూ వచ్చింది. ఆ దగ్గు మెర్ల్ పడవది. ఇంజను ఆగింది. బోను తాడు లాగే చక్రం తిరిగిన చప్పుడు. మంచు కాస్త పలచబడేసరికి కనబడింది: మెర్ల్ ఫికెట్ పడవ అంచుమీద హాల్సీ ఈటన్ బోను ఉంది. తలుపు తీసి ఉంది. మెర్ల్ చెయ్యి లోపల ఉంది.

ఇంకొకరి బోను ముట్టుకోవడం ఆ హార్బరులో ఎంత తప్పో చెప్పాలంటే, ఇంకొకరి పెళ్ళాన్ని లేపుకుపోయినవాడు మూడేళ్ళకు మళ్ళీ జెట్టీ మీద కాఫీ తాగగలిగాడు. బోను ముట్టుకున్నవాడు ఊరు వదిలిపోయాడు. చట్టం కూడా అంతే, లైసెన్సు పోతుంది. ఏవిస్ ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంటలోనే ఓ పక్క సంతోషం కూడా వేసింది. దొరికాడు!

"మెర్ల్ ఫికెట్! తియ్ చెయ్యి!"

అతను ఎగిరిపడ్డాడు. "నెమ్మదమ్మా! అది గొంతా, ఓడ కూతా?"

"ఎనభై ఏడేళ్ళ ముసలాయన బోను దోచుకుంటావా? సిగ్గూ ఎగ్గూ ఏమైనా ఉందా? సభలో చెప్తానుండు. నీ పెళ్ళాం చెవుల సంగతి కాదు, నీ చేతుల సంగతి!"

"అరిచావులే. ఇప్పుడు దగ్గరికొచ్చి బకెట్టులోకి చూడు."

చూసింది. బకెట్టులో లాబ్‌స్టర్లున్నాయి. మెర్ల్ ఒకదాన్ని తీసి హాల్సీ బోనులో పెట్టాడు. ఇంకోటి పెట్టాడు. తలుపు మూసి, బోను నీళ్ళలోకి జారవిడిచి, తర్వాతి బోను తాడు అందుకున్నాడు.

ఏవిస్ కర్ర బురదలోనే వదిలేసి బకెట్టు వంకే చూసింది.

"ఈ బురదలో లాబ్‌స్టర్ దొరకడం అంటే నా బట్టతల మీద జుట్టు మొలవడమే," అన్నాడు మెర్ల్ ఆవిడవైపు చూడకుండా. "వాళ్ళావిడ బెర్నిస్ పోయాక పెద్దాయన పెద్ద పడవ అమ్మేశాడు కదా. రోజూ ఇక్కడికొచ్చి ఖాళీ బోన్లు లాగుకుని పోయేవాడు. కొన్నాళ్ళకు రావడం మానేశాడు. ట్రక్కులో కూర్చుని సముద్రం వంక చూస్తూ ఉండేవాడు. తిండి లేదు, మాట లేదు. అప్పుడు మా నాన్న రెండు వేశాడు ఇందులో. మర్నాడు చూడాలి ఆ ముసలాయన మొహం! అప్పట్నుంచి వంతులు వేసుకున్నాం."

"వంతులా? ఎంతమంది?"

"అందరం."

"డేల్ కూడానా?"

మెర్ల్ తాడు మీదే చూపు పెట్టాడు. "ఊళ్ళో ఉన్న వారం" అన్నాడు.

నిమ్మకాయ పిండుకుంటూ కిటికీలోంచి చూసిన ఆ మనిషి సంగతి ఇంటికెళ్ళి తేల్చుకుందామనుకుంది ఏవిస్.

"నువ్విక్కడ తాళ్ళు కడితే తెల్లారేసరికి నువ్వుంటావు," అన్నాడు మెర్ల్. "నీ వెనక పనివాళ్ళుంటారు. నిన్ను చూడ్డానికి వేసవికి వచ్చే టూరిస్టు జనం ఫోటోలు తీసుకుంటూ దిగుతారు. ఇక మేమెప్పుడు వెయ్యాలి?"

"ఈ మాట నాతో ముందే చెప్పుంటే చస్తారా! నిద్రలట, బాతులట! గిన్నెలు పట్టుకుని వెండెల్ చుట్టూ తిరిగాను నేను!"

"ఎలా చెప్పమంటావ్? సభలో లేచి, హాల్సీ ఈటన్ ముసలాడైపోయాడు, మేం వేస్తే తప్ప ఒక్కటీ పట్టలేడు అని రాయించమంటావా? ఆయన ముందువరసలో కూర్చుంటాడు."

"సభలో కాదు, నాకు! నాకు చెప్పకూడదా?"

"నువ్వు మరీ..." అని ఆగాడు.

"ఊఁ, పూర్తిచెయ్యి. అవతలి మనిషిని. అంతేగా?"

మెర్ల్ బోను నీళ్ళలోకి వదిలాడు. తర్వాత, "నువ్వు నోరు విప్పావంటే మా అందరి లైసెన్సులూ పోతాయి" అన్నాడు. బతిమాలినట్టు లేదు, బెదిరించినట్టూ లేదు. ఉన్నమాట చెప్పినట్టుంది.

ఇంటికి వస్తూ ఏవిస్ పడవలోనే పెద్దగా తిట్టుకుంది. ఊరు ఊరంతా ఇప్పుడు తన గుప్పిట్లో ఉంది. ఒక్క మాటతో జేబు తనదవుతుంది. అయితే ఆ మాట అన్నాక ముసలాయన మళ్ళీ ట్రక్కులో కూర్చుంటాడు. అలా వచ్చిన లీజులో పెరిగిన ఆల్చిప్ప గొంతు దిగుతుందా? దిగదు. దిగదని తెలిసి ఇంకా కోపం వచ్చింది. దొంగతనం చేసి ఉంటే ఎంత హాయిగా ఉండేది! ఈ వెధవలు మంచిపని చేసి తన దారికి అడ్డం పడ్డారు. ఇంట్లో డేల్‌తో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "నాకు కూడా చెప్పలేదు నువ్వు" అని ఒక్క మాట అని ఏడ్చింది. ఆయన, "నీది కాని రహస్యం నీతో ఎందుకు మోయించడం అనుకున్నాను" అన్నాడు. ఆ జవాబు ఆవిడకు నచ్చలేదు గాని, పట్టుకుని పోట్లాడటానికి అందులో ఏమీ దొరకలేదు.

దరఖాస్తు వెనక్కి తీసుకుని పంది రాయి దగ్గర చోటుకు మళ్ళీ పెట్టింది. పంది రాయి హార్బరు నోటికి బయట ఉంటుంది. కెరటం సంచుల్ని రోజంతా ఉతుకుతుంది, తాళ్ళు రెండింతలు గట్టివి కావాలి, పడవలో నిలబడి పని చేస్తే నడుం విరుగుతుంది. సలహాదారు పిల్ల ఫోనులో, "ఎందుకండీ, అంత మంచి చోటు వదులుకుని?" అని నివ్వెరపోయింది. "ఆందోళనలు ఓపిగ్గా విన్నాను" అంది ఏవిస్.

మార్చిలో అగ్నిమాపక కేంద్రం హాల్లో విచారణ సభ పెట్టారు. ఊళ్ళో వేటగాళ్ళ బూట్లన్నీ అక్కడే ఉన్నాయి. మత్స్యశాఖ అధికారి పటం గోడకు తగిలించి, ఎవరికైనా అభ్యంతరాలున్నాయా అని అడిగాడు. మెర్ల్ లేచాడు. "పంది రాయి దగ్గర మాకేం అభ్యంతరం లేదు. ఆవిడ పని ఆవిడకు తెలుసు" అన్నాడు. వెండెల్ లేచి లోతు తగ్గదని తనకు ఇప్పుడు నమ్మకం కుదిరిందన్నాడు. ఏవిస్ గుండెల మీంచి బరువు దిగబోతోంది. అప్పుడు ముందువరసలో హాల్సీ ఈటన్ చెయ్యెత్తాడు.

"నాకుంది అభ్యంతరం" అన్నాడు.

హాలంతా చల్లబడిపోయింది.

"ఈ అమ్మాయికి పిచ్చెక్కింది. పంది రాయి దగ్గర ఈశాన్యం గాలి లేస్తే పడుచు వయసులో నేనే నిలబడలేకపోయాను. జేబు ఖాళీగా పడుంది కదా? అందులో కట్టుకోమనండి. ఇదివరకు అక్కడే అడిగింది కూడాను."

అధికారి కాగితాలు తిరగేశాడు. "జేబులో మీ బోన్లున్నాయి కదండీ?"

"ఉంటే? తీసేస్తాను."

మెర్ల్ మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. అధికారి ఏవిస్ వైపు తిరిగాడు. "ఆయనే తీసేస్తానంటున్నారు. జేబు మీకు అన్నివిధాలా మేలైన చోటు. మరెందుకు వద్దనుకున్నారు? కారణం లేకుండా మార్చుకుంటే, ఈ దరఖాస్తు మీద మీకే పట్టుదల లేదని రాసుకోవాల్సి వస్తుంది."

ఏవిస్ లేచి నిలబడింది. పాతికేళ్ళలో అబద్ధం ఆడాల్సి వచ్చినప్పుడల్లా ఆవిడ మొహం ఎర్రబడేది. ఇప్పుడు మెడ దాకా ఎర్రబడింది. లీజు పోతుందేమో. పోయినా సరే, ఈ హాల్లో ఆ ముసలాయన ముందు నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"బాతులు" అంది.

"ఏమిటండీ?"

"జేబులో బాతులు నిద్రపోతాయి. వాటిని కదపడం నాకిష్టం లేదు."

వెనకనుంచి బాతుల వేటకు పోయే ఆ తుపాకీ ఆసామి, "అవునండీ, చాలా బాతులు" అన్నాడు. "గంపెడు బాతులు" అన్నాడు వెండెల్. మెర్ల్ గొంతు సవరించుకుని, "ఆ బాతులంటే ఈ ఊరికి ప్రాణం" అన్నాడు. హాలు హాలంతా బాతులు, బాతులని గొణిగింది. అధికారి అందరి వంకా చూసి, ఇలాంటి ఊళ్ళు చాలా చూసినవాడిలా నిట్టూర్చి, రాసుకున్నాడు. హాల్సీ ఏవిస్ మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత కూర్చుని, "సరేలే, నా అభ్యంతరం తీసేసుకుంటున్నాను" అన్నాడు.

లీజు వచ్చింది. పంది రాయి దగ్గర మొదటి తాళ్ళు కట్టేరోజు ఎవరూ పిలవకుండానే పడవలొచ్చాయి. మెర్ల్ లంగర్లు దింపాడు, దింపుతున్నంతసేపూ ఆవిడ ముళ్ళు వేసే పద్ధతిని వెక్కిరించాడు. ఆవిడ అతని పడవ దగ్గును వెక్కిరించింది. వేసవి మొదట్లో ఒక సాయంత్రం అతను ఆవిడ రేవులో బకెట్టు దింపి, "డేల్ ఊళ్ళో లేడు కదా. రేపు మీ ఇంటి వంతు" అని, జవాబు కోసం ఆగకుండా పోయాడు.

మర్నాడు తెల్లారకుండానే ఏవిస్ జేబులోకి వెళ్ళింది. ఇంకొకరి బోను ముట్టుకోవడం జీవితంలో అదే మొదటిసారి. ఎవరైనా చూస్తారేమోనని బకెట్టులోవి గబగబా బోన్లలో కుక్కి, తలుపులు మూసి, ఊరిని తిట్టుకుంటూ పారిపోయి వచ్చింది.

ఎండ వచ్చాక హాల్సీ జెట్టీకి వచ్చాడు. అప్పుడు అక్కడ ఏవిస్ తప్ప ఎవరూ లేరు. తెడ్లు లోపల పెట్టి, లాబ్‌స్టర్ ఒకటి పైకెత్తాడు. దాని రెండు డెక్కలకూ రబ్బరు బ్యాండ్లున్నాయి. పట్టిన వెంటనే కరవకుండా వేటగాడు తన చేత్తో వేసే బ్యాండ్లు. సముద్రం అడుగున ఏ లాబ్‌స్టరూ వాటిని వేసుకుని తిరగదు. ఏవిస్ తీయడం మరిచిపోయింది.

ఆవిడకు భూమి బద్దలై మింగేస్తే బాగుండుననిపించింది. "పెద్దాయనా, అది..." అంది.

ఆయన బ్యాండ్లు రెండూ మెల్లగా ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "మెర్ల్ వాళ్ళ నాన్న కూడా మొదటిరోజు ఇలాగే మరిచిపోయాడు" అన్నాడు. "అందరూ ఒక్కోసారి మరిచిపోయారు. నీ మొగుడైతే రెండుసార్లు. వాళ్ళతో అనకు. పాపం, బాధపడతారు."

"అంతా తెలిసే..." ఏవిస్ ఆయన పడవ అంచు పట్టుకుంది. "తెలిసే రోజూ వెళ్తున్నారా? మరి ఆ రోజు సభలో తీసేస్తానన్నారే!"

"నువ్వు పంది రాయి దగ్గర నడుం విరగ్గొట్టుకోవడంకంటే అదే నయం అనిపించింది. నువ్వు బాతులన్నావు. ఓహో, ఈ పిల్లకు కూడా తెలిసిపోయిందన్నమాట అనుకున్నాను." ఆయన పడవ తాడు కట్టుకుంటూ, "నేను మానేస్తే వాళ్ళు అంత పొద్దున్నే లేచి ఎవరికోసం వస్తారు చెప్పు?" అన్నాడు.

ఏవిస్ కళ్ళు తుడుచుకుంది. ఈ ఊరిమీద ఆవిడకు ఇంత కోపం ఎప్పుడూ రాలేదు. ఒకరికొకరు ఇన్నేళ్ళుగా అబద్ధమాడుకుంటున్న ఈ మొండివాళ్ళందరినీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలనిపించింది. ఆ వరసలో ఇప్పుడు తనూ ఉంది.

హాల్సీ బుట్ట భుజానికెత్తుకుని, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"రేపు ఎవరి వంతు?"

"వెండెల్‌ది."

"వెండెలా? అయితే కాస్త ఆలస్యంగా వెళ్తాలే. వాడు పొద్దున్నే లేవలేడు."